నీళ్లలాంటి డీజిల్

సముద్రం మీంచి వచ్చాక దాసు ఇంట్లోకి వెళ్లడం మానేశాడు. బోరింగు పంపు దగ్గరే చొక్కా విప్పి, అక్కడే ఒళ్లు తోముకుని, అక్కడే పొడి లుంగీ కట్టుకుని, ఇంటి వెనక చూరు కింద చతికిలబడతాడు. చెంచమ్మ అన్నం కంచం అక్కడికే తెచ్చి పెడుతుంది. కూతురు ఉమారాణి రేపల్లె నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస.

ఉమారాణికి వేవిళ్లు. అత్తగారింట్లో మంచినీళ్లు కూడా ఇమడడం లేదంటే, కొన్నాళ్లు పుట్టింట్లో ఉంటే తేరుకుంటుందని అల్లుడు సాయి తేజ తీసుకొచ్చి దింపి వెళ్లాడు. సూర్యలంకలో పుట్టి పెరిగిన పిల్ల, చేపల వాసన ఆమెనేం చెయ్యలేదు. ఎండబెట్టిన సావిళ్ల చేపల పక్కనే కూర్చుని మజ్జిగన్నం తినేస్తోంది. పడనిదల్లా డీజిల్ వాసన. తండ్రి గుమ్మంలో కాలు పెట్టడం ఆలస్యం, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తేది. అలా పరిగెత్తిన ప్రతిసారీ, వాంతి అయిపోయాక, కళ్లు తుడుచుకుంటూ దూరంనుంచే, "నీ మీద కాదు నాన్నా" అనేది.

"నాకు తెలుసులేవే" అనేవాడు దాసు.

తెలుసు గాని, అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటే ఆయనకి ఏ వాసనా తగిలేది కాదు. పెళ్లికి ముందు నుంచీ పడవ ఇంజన్ల మీదే బతికిన మనిషి. ఆ వాసన ఆయన ముక్కుకి ఎప్పుడో తెలియడం మానేసింది. కుంకుడుకాయ పులుసు రాసుకున్నాడు. నిమ్మచెక్క రుద్దుకున్నాడు. ఇసకతో తోముకుంటే గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయింది గాని, మర్నాడు పొద్దున కూతురు మళ్లీ పెరట్లోకే పరిగెత్తింది.

ఆ రోజుల్లోనే నీళ్లలాంటి డీజిల్ వచ్చింది.

ఒక పొద్దున బోటు ఒడ్డుకి లాగి వల దులుపుతుంటే, బోటు యజమాని పూర్ణచంద్రరావు ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని ఇసకలోకి దిగాడు. బాపట్లలో ఇల్లూ, సూర్యలంక బీచి రోడ్డు మీద అద్దెగదులూ, ఒడ్డున రెండు బోట్లూ ఉన్న మనిషి ఆయన. నవ్వుతూ మాట్లాడతాడు. వెనకాల చిన్న వ్యాను, అందులో నీలం డ్రమ్ములు.

"దాసూ, ఈ అమ్మాయిగారు నగరం ఊరి దగ్గర కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో ఇంజినీరు. సాయి సుధగారు. వాళ్లు గ్యాసుతో డీజిల్ చేస్తున్నారంట. డ్రమ్ములు ఒడ్డున మన షెడ్డులో పెట్టి, మన బోటులో పోసి చూస్తారు. ఇంజన్‌కి ఏం కాదని నాకు కాగితం రాసిచ్చార్లే" అన్నాడు.

దాసు తలకి చుట్టిన తువ్వాలు విప్పి చేతులు తుడుచుకున్నాడు. ఆ అమ్మాయి గాజుసీసాలో కొంచెం పట్టి ఆయన చేతికిచ్చింది. ఎండకి ఎత్తి చూశాడు. నీళ్లు. ఏ రంగూ లేదు.

"ఇది మండుతుందా అమ్మా?"

"బ్రహ్మాండంగా మండుతుందండి. మీరే చూస్తారుగా!"

"గ్యాసు గాలికదా. గాలిని నీళ్లెలా చేశారు?"

సాయి సుధ బోటు అంచు మీద కూర్చుంది. ఇసక చెప్పుల్లోకి పోతుంటే చెప్పులు విడిచేసింది. "మా ఊళ్ల వైపు చిన్న చిన్న గ్యాసు బావులున్నాయి బాబాయ్. పైపులేసి పట్టుకెళ్లేంత గ్యాసు ఉండదు వాటిల్లో. ఊరికే తగలెట్టేస్తారు. దాన్ని మేం పట్టి, ముందు అందులో గంధకం అదీ తీసేస్తాం. తర్వాత ఆవిరీ ఆక్సిజనూ కలిపి బాగా వేడిచేస్తే ఆ గ్యాసు చిన్నచిన్న ముక్కలైపోతుంది. ఆ ముక్కల్ని కోబాల్టు అని ఒక లోహం పొడి ఉంటుంది, దాని మీదుగా పంపిస్తాం. అప్పుడవి ఒకదానికొకటి తగులుకుంటూ గొలుసులవుతాయి. మరీ పొడుగైతే మైనం. కొంచెం పొట్టిదైతే ఇదిగో, ఈ డీజిల్. మైనాన్ని కూడా కత్తిరించి డీజిలే చేస్తాం."

పక్కన వల దులుపుతున్న తోటి వేటగాడు హనుమయ్య చెయ్యాపి, "వల అల్లినట్టేనన్నమాట" అన్నాడు.

"అంతే బాబాయ్. కంటికి కనపడని దారం, అంతే తేడా" అని నవ్విందామె.

మర్నాడు తెల్లారగట్ల ఆ నీళ్లే పోసుకుని సముద్రంలోకి వెళ్లారు. దాసు ట్యాంకు మూత రెండుసార్లు బిగించి చూసుకున్నాడు. హ్యాండిల్ తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఎప్పుడూ దగ్గి, తుమ్మి, నల్లటి పొగ ఒకటి కక్కి గాని మొదలవని ఇంజన్, ఆ రోజు మెత్తగా మాట వింది. దాసు ఒక చెయ్యి ఇంజన్ మూత మీద వేసి, దాని అదురు తెలుసుకుంటూ కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు వెలుతురొచ్చాక వెనక్కి తిరిగి చూస్తే, పొగగొట్టం దగ్గర గాలి కొంచెం వణుకుతోంది, అంతే.

ఒడ్డున సాయి సుధ కాచుకుని ఉంది. తెనాలిలో తెల్లారకుండానే రైలెక్కి, బాపట్లలో దిగి, ఆటో పట్టుకుని వచ్చిందంట. ఇంజన్ ఆపనివ్వకుండా, చేతిపంపులాంటిదొకటి పొగగొట్టానికి పెట్టి పిడి లాగింది. దానిలోంచి రూపాయి బిళ్లంత కాగితం తీసి చూపించింది. తెల్లగానే ఉంది, ఒక అంచున మసక మసకగా బూడిద రంగు. "మామూలు డీజిల్‌తో నిన్న పట్టింది చూడండి" అని ఇంకో కాగితం చూపించింది. కాటుక డబ్బా మూతలా ఉందది.

దాసు ఇంటికి పోయి, ఎప్పట్లాగే బోరింగు దగ్గర స్నానం చేసి, చూరు కింద కూర్చున్నాడు. కాసేపటికి వెనక తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. ఉమారాణి.

"నాన్నా, ఇవాళ సముద్రంలోకి పోలేదా?"

"పోయొచ్చానే. చేపలు బానే పడ్డాయి."

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి గాలి పీల్చింది. ఒక అడుగు ముందుకేసింది. తీగ మీద ఆరేసిన చొక్కా అందుకుని, భయంభయంగా ముక్కు దగ్గరకి తెచ్చుకుంది. దాసు కంచంలో చెయ్యి ఆపేసి చూస్తున్నాడు. ఉమారాణి చొక్కా మళ్లీ తీగ మీద వేసి, వచ్చి ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది.

"ఏం కూర?" అంది.

"గొరక చేపల పులుసు."

"ఒక ముద్ద పెట్టు."

చెంచమ్మ లోపల్నుంచి నీళ్లచెంబుతో వస్తూ ఇద్దర్నీ చూసి, చెంబు అక్కడ పెట్టి, ఇంకో గరిటెడు అన్నం తేవడానికి వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత రోజులు ఆ ఇంటికి మంచి రోజులు. దాసు మళ్లీ ముందు గుమ్మంలోంచి ఇంట్లోకి వస్తున్నాడు. తండ్రీకూతుళ్లు ఒకే మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నారు. సాయి సుధ కూడా బోటు దగ్గర పని అయిపోయాక టీ తాగడానికి వస్తోంది. ఒకరోజు తెనాలి నుంచి బెల్లం జిలేబీ పొట్లం తెచ్చి, "తీపి ఇముడుతుందో లేదో చూద్దాం అక్కా" అని ఉమారాణి ఒళ్లో పెట్టింది. ఇమిడింది. రెండోది కూడా ఇమిడింది.

"మీ డీజిల్ పుణ్యమే" అంది ఉమారాణి.

సాయి సుధకి ముందు అర్థం కాలేదు. చెంచమ్మ జరిగిందంతా చెబితే, ఆ పిల్ల టీ గ్లాసు కింద పెట్టి, నోరు తెరుచుకుని విన్నది. "ఈ మాట మా సార్ వాళ్లకి ఎలా చెప్పాలో నాకు తెలీట్లేదు పిన్నీ. మేం కాగితాలూ, అంకెలూ చూపిస్తామా, ఇదెక్కడ రాయాలి?" అని తనే నవ్వుకుంది.

శుక్రవారం పొద్దున దాసు ఇంట్లోకి రాగానే ఉమారాణి మంచం మీంచి లేచింది. రెండడుగులు వేసి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

దాసు గుమ్మంలోనే ఆగిపోయాడు. చెంచమ్మ వంక చూశాడు.

"వేవిళ్ల పిల్ల. ఒకరోజు ఒకలా ఉంటుంది" అందామె.

శనివారమూ అంతే. దాసు అడక్కుండానే చూరు కిందకి పోయి కూర్చున్నాడు. మునపటి కంటే ఇప్పుడే ఎక్కువ కష్టంగా ఉంది. నాలుగు రోజులు పక్కన కూర్చున్నాక దూరం జరగడం కదా!

బోటు దగ్గరా అదే కథ. సాయి సుధ కాగితం తీసి, ముందురోజు కాగితం పక్కన పెట్టి చూసుకుంది. బూడిద రంగు నల్లబడుతోంది. శనివారం కాగితం అయితే మామూలు డీజిల్ కాగితానికి చెల్లెలిలా ఉంది.

"ఇంజన్‌లో ఏదైనా తేడా ఉందేమో బాబాయ్" అంది. "సోమవారం మా పెద్ద సార్‌లు వస్తున్నారు. ఇవి చూస్తే, దీనికీ దానికీ తేడా ఏముందమ్మా, ఎందుకీ ఖర్చంతా అని మూసేస్తారు. నేను చేరిన దగ్గర్నుంచీ ఇదే పని నాకు."

ఆ మధ్యాహ్నమంతా దాసు ఇంజన్ విప్పాడు. నాజిల్ ఊడదీసి కిరసనాయిల్లో కడిగి, సన్నటి తీగతో రంధ్రాలు పొడిచి, ఊది, వెలుతురుకి పెట్టి చూశాడు. గాలి జల్లెడ దులిపాడు. వాల్వుల సందు చూసుకున్నాడు. హనుమయ్య పానాలు అందిస్తూ, "ఇంజన్‌ది తప్పులేదురా, పెళ్లికొడుకులా ఉంది" అన్నాడు. నిజమే, ఎక్కడా తేడా కనపడలేదు. మూసేసి, మూత మీద ఊరికే చెయ్యి వేసి కూర్చున్నాడు దాసు.

ఆదివారం వేటకి పోరు. గుంటూరు నుంచీ తెనాలి నుంచీ కార్లు వచ్చి బీచి రోడ్డు నిండిపోయింది. పూర్ణచంద్రరావు అద్దెగదుల్లో ఆదివారాలు చెంచమ్మ గదులూడ్చి దుప్పట్లు ఉతుకుతుంది. ఇంట్లో ఒక్కతీ ఉండలేక ఉమారాణి కూడా తల్లితో వెళ్లింది. గదుల వంటవాడు చేపలు కావాలన్నాడని దాసు బుట్ట పట్టుకుని వెనక దారిన వెళ్లాడు.

కరెంటు పోయింది. వంటగది వెనక జనరేటరు ఆడుతోంది. దాని పక్కనే, గోడ నీడలో, తిరగేసిన బకెట్ మీద ఉమారాణి కూర్చుని ఉంది. ఒళ్లో పళ్లెం. పళ్లెంలో ఉప్మా. తల్లి దుప్పట్లు పిండుతుంటే ఏదో చెప్పి నవ్వుతూ తింటోంది. జనరేటరు గొట్టానికీ ఆమె మోకాళ్లకీ బారెడు దూరం కూడా లేదు.

దాసు బుట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ముందు ఆయనకి ఆనందమే వేసింది, పిల్ల తింటోందని. ఆ తర్వాత గొట్టం వంక చూశాడు. గాలి వణుకుతోంది. పొగ లేదు.

"ఏంటి నాన్నా, అలా చూస్తున్నావ్?"

"నీకు... వాసన రావట్లేదా అమ్మా?"

"దేని వాసన?" అంది ఉమారాణి ముద్ద నములుతూ.

దాసు బుట్ట కింద పెట్టి, జనరేటరు వెనక ఉన్న క్యాను మూత తీసి, అరచేతిలో కాస్త ఒంపుకున్నాడు. నీళ్లు.

పూర్ణచంద్రరావు ముందు వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. దాసు మెట్ల కింద నిలబడ్డాడు. ఎలా మొదలెట్టాలో తోచక, తువ్వాలు భుజం మీంచి తీసి మళ్లీ భుజం మీదే వేసుకున్నాడు.

"బాబూ, ఆ అమ్మాయిగారి డీజిల్ జనరేటరులో పోస్తున్నారా అండి?"

ఆయన పేపరు దించాడు. దాచలేదు. "అవును దాసూ. గదుల్లోకి పొగొస్తోందని వచ్చినవాళ్లంతా గోల. ఇదయితే వాసనే లేదు. నాలుగు క్యాన్లు వాడుకుంటే ఆ కంపెనీకి ఏం లోటు? బోటుకి సగం అదీ సగం ఇదీ కలిపి ఇవ్వమన్నాను షెడ్డులో. బోటు నడుస్తోందిగా?"

"నడుస్తోందండి. కాని ఆ పిల్ల కాగితాలు నల్లగా వస్తున్నాయండి. రేపు వాళ్ల సార్‌లు వస్తారంట. మీరొక మాట చెప్పేస్తే..."

"ఏమని చెప్పను? దొంగతనం చేశానని చెప్పనా?" ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "వాళ్లకి ఇలాంటివి వంద ఉంటాయ్. నువ్వు ఇంజన్ సంగతి చూసుకో. అవునూ, పిల్ల పురుడు ఇక్కడేగా? ఏ వేళైనా సరే ఫోన్ చెయ్యి, కారు పంపిస్తాను."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే దాసుకి వెనక్కి తిరిగి నడవడం కష్టమైంది.

సాయంత్రం చెంచమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అంతా విన్నది. "మనకెందుకయ్యా? రావుగారు కాదంటే ఈ ఒడ్డున నీకు ఇంజన్ ఎవరిస్తారు? ఆ అమ్మాయి చదువుకున్న పిల్ల, ఇది కాకపోతే ఇంకో ఉద్యోగం."

"అదీ నిజమే" అన్నాడు దాసు.

పొయ్యిలోకి పుల్ల ఎగదోశాడు. "ఇంజన్ తప్పేమో అంది చెంచమ్మా. ఇంజన్ తప్పు కాదు, ఆ పిల్ల తప్పూ కాదు. ఇద్దర్నీ తప్పు పట్టి పోతారు రేపు" అన్నాడు.

లోపల మంచం మీద పడుకున్న ఉమారాణి కళ్లు మూసుకుని అన్నీ వింటోంది.

సోమవారం బోటు ఒడ్డుకి చేరేసరికి సాయి సుధ ఒక్కతే ఉంది. మొహం పీక్కుపోయి ఉంది. సార్‌ల కారు బాపట్ల దాటిందని ఫోనొచ్చిందంట. పంపు తియ్యబోతే దాసు ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు.

"ఆ గాజుసీసా ఉందా అమ్మా?"

ఇచ్చింది. దాసు ఇంజన్ పక్కకి వంగి, ట్యాంకు అడుగున చిన్న కుళాయి తిప్పి, సీసా సగం నింపి, లుంగీ అంచుతో బయట తుడిచి ఆమె చేతికిచ్చాడు. ఆమె ఎండకి ఎత్తింది. పలచటి పసుపు రంగు.

సాయి సుధ దాన్ని చూసింది, దాసుని చూసింది. పక్కనున్న హనుమయ్య సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎవరు..." అని అడగబోయి ఆగింది. ఒడ్డున షెడ్డు వైపు చూసింది. ఆమె తాళం షెడ్డుకే వేసింది గాని, షెడ్డు రావుగారిది. "బాబాయ్, నేను చెబితే మీకు..."

"నువ్వు చెప్పాల్సింది చెప్పుకో తల్లీ. ఇంజన్‌ది తప్పులేదు. అదొక్కటీ గట్టిగా చెప్పు."

ఆ పిల్ల సీసా రెండు చేతుల్తో పట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చేసింది.

సార్‌లు వచ్చారు. షెడ్డులో మాటలు జరిగాయి, గొంతులు పెద్దగా లేవలేదు. ట్యాంకు కడిగి, వాళ్లముందే డ్రమ్ములోంచి పోసి ఇంజన్ తిప్పించారు. కాగితం తెల్లగా వచ్చింది. మధ్యాహ్నానికల్లా డ్రమ్ములన్నీ వ్యానెక్కాయి. మిగతా పరీక్ష నిజాంపట్నంలో ఇంకెవరి బోటులోనో చేసుకుంటారంట.

సాయంత్రం పూర్ణచంద్రరావు మనిషి వచ్చి, రేపట్నుంచి ఇంజన్ హనుమయ్య చూసుకుంటాడని చెప్పి వెళ్లాడు. ఆ వెనకే హనుమయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "నేనొద్దన్నానురా. ఇంకొకణ్ణి పెడతానన్నాడు" అన్నాడు. "నువ్వే చూసుకో. మూడో నట్టు వదులవుతుంటుంది, మర్చిపోకు" అన్నాడు దాసు.

సాయి సుధ రెండ్రోజులాగి వచ్చింది. దాసుకి ప్లాంటులో ఏదైనా పని ఇప్పించమని సార్‌ని అడిగిందంట. ఇప్పట్లో లేవన్నారంట. అది చెప్పడానికి ఆ పిల్ల తెనాలి నుంచి వచ్చినందుకే చెంచమ్మ మనసు కరిగింది. కోపంగా ఉందామనుకున్న మనిషి, చేపల కూరతో అన్నం పెట్టి పంపింది.

దాసుకి పని దొరికింది, పక్క పల్లెలో, ఒక పాత బోటు మీద. దాని ఇంజన్‌కి డీజిల్ పైపు ఎన్నిసార్లు కట్టినా కారుతుంది. మోకాళ్ల దాకా నల్లగా, జిడ్డుగా ఇంటికొస్తున్నాడు. వాసన తనకి తెలియకపోయినా, దారిలో కుక్కలు తప్పుకోవడం చూసి నవ్వుకునేవాడు. చూరు కింద చోటు మళ్లీ ఆయనదే అయింది. ఉమారాణి వెనక తలుపు దగ్గరకి రావడం, చున్నీ అడ్డం పెట్టుకుని ఒక్క క్షణం నిలబడి వెళ్లిపోవడం చూసేవాడు. ఒక్కోసారి ఆ క్షణం కాస్త పొడుగయ్యేది.

నెల తిరిగింది. ఉమారాణి ఒంటికి కొంచెం రక్తం పట్టింది. సాయి తేజకి సెలవు దొరకలేదు, దింపి రమ్మని ఫోన్ చేశాడు. చెంచమ్మకి ఆ రోజు గదుల పని. దాసు వేట నుంచి రావడమే ఆలస్యమైంది. గబగబా నాలుగు చెంబులు పోసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, సంచులు పట్టుకుని కూతుర్ని తీసుకుని బయల్దేరాడు. ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. బాపట్లలో నగరం మీదుగా పోయే రేపల్లె బస్సు దొరికింది. ఉమారాణికి కిటికీ పక్కన సీటు చూసి, సంచులు కాళ్ల దగ్గర సర్ది, తను వెనక తలుపు దగ్గరకి పోయి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"నాన్నా, ఇటు రా."

"పర్లేదులే. ఇక్కడ గాలి బాగుంది."

"సీటు ఖాళీగా ఉంది, రా."

ఆయన దగ్గరకొచ్చి, పక్కనున్నవాళ్లకి వినపడకుండా వంగి, "తొందరలో సరిగ్గా రుద్దుకోలేదమ్మా" అన్నాడు.

ఉమారాణి ఆయన చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. దాసు సీటు చివరకంటా జరిగి, ఒళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. బస్సు కర్లపాలెం దాటింది. పచ్చటి పొలాల మీంచి గాలి వస్తోంది. ఆమె కిటికీ వైపు చూస్తోంది, చున్నీ ఒళ్లోనే ఉంది. ఎప్పుడు అడ్డం పెట్టుకుంటుందోనని దాసు ఆ చున్నీనే చూస్తున్నాడు.

"ఆ ఆదివారం సాయంత్రం నువ్వు అమ్మతో అన్నదంతా విన్నాను నాన్నా" అంది ఉమారాణి, తల తిప్పకుండానే.

దాసు సంచీ పిడి సర్దాడు.

ఇంకాసేపటికి ఆమె తల వాల్చింది. కిటికీ మీదకి కాదు, ఆయన భుజం మీదకి. చొక్కాకి చెంప ఆనించి, కాళ్లు ముడుచుకుంది.

"వాసన రావట్లేదా అమ్మా?" అన్నాడు దాసు, ఊపిరి బిగబట్టి.

"వస్తోంది" అంది ఉమారాణి.

మరి కాసేపట్లో నిద్రపోయింది. దాసు అప్పుడు ఊపిరి వదిలాడు. కండక్టరు వచ్చి, ఆడవాళ్ల ఫ్రీ టిక్కెట్టుకి ఆధార్ కార్డు చూపించమని అడిగాడు. కార్డు ఆమె చేతిసంచీలో ఉంది, సంచీ ఆమె చేతికింద ఉంది. దాసు తల కదపకుండా, కళ్లతోనే కూతుర్ని చూపించాడు.

"కాసేపాగి చూపిస్తాం బాబూ. ఇప్పుడే పడుకుంది."

కండక్టరు ఇద్దర్నీ ఒకసారి చూసి, "పడుకోనివ్వండి, రేపల్లె దాకా టైముంది" అని వెనక సీటుకి పోయాడు.